ఎముకలో నాటిన పన్ను ఎన్నాళ్ళు ఉంటుంది?

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా మెయిన్ రోడ్డు మీద నడిచి చూడండి. పళ్ళ డాక్టర్ల బోర్డులు చాలా కనబడతాయి. అశోక్‌నగర్ వీధుల్లోనూ ఉంటాయి. ఆ బోర్డుల మీద ఒక మాట తరచుగా ఉంటుంది. అది 'ఇంప్లాంట్'. పక్కనే ఒక బొమ్మ. కింద స్క్రూ. పైన తెల్లటి పన్ను.

కూరగాయలు అమ్మేవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు, ఇళ్ళల్లో పని చేసేవాళ్ళు, ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు రోజూ ఆ బోర్డుల ముందు నుంచే పోతుంటారు. పన్ను పోయినవాళ్ళు ఆగి చదువుతారు. మాట చదవడం వస్తుంది. కానీ అర్థం తెలియదు. "అది ఏపిచ్చుకుంటే ఎన్నేండ్లు ఉంటది? పైసలు దండుగైతే ఎట్ల?" అని సందేహం.

ఈ సందేహం మంచిదే. ఇంప్లాంట్‌కు వేల రూపాయలు అవుతాయి. పని చేయించుకునే ముందే దాని సంగతి తెలుసుకోవాలి.

పన్ను పోతే ఏమవుతుంది?

పెద్దవాళ్ళ నోటిలో జ్ఞానదంతాలతో కలిపి 32 పళ్ళు ఉంటాయి. ఒక పన్ను పోతే ఏమైంది, ఇంకా 31 ఉన్నాయి కదా అనుకుంటాం. కానీ పళ్ళు ఒకదానికి ఒకటి ఆసరా. మధ్యలో ఒకటి పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. ఎదుటి దవడ పన్ను కిందికో పైకో జరుగుతుంది. సందుల్లో తిండి ఇరుక్కుంటుంది. అక్కడ పుచ్చు మొదలవుతుంది.

ఇంకొక సంగతి ఉంది. పన్ను ఉన్నంతకాలం దవడ ఎముకకు పని ఉంటుంది. పన్ను పోయాక ఆ చోట ఎముక నెమ్మదిగా కరిగిపోతుంది. అందుకే పళ్ళన్నీ పోయిన ముసలివాళ్ళ బుగ్గలు లోపలికి పోతాయి.

ఇంప్లాంట్ అంటే ఏమిటి?

పందిరి వేయాలంటే ముందు గుంజ పాతుతాం. గుంజ గట్టిగా ఉంటే పందిరి నిలుస్తుంది. ఇంప్లాంట్ కూడా అలాంటిదే. దీనిలో మూడు భాగాలు ఉంటాయి.

మొదటిది స్క్రూ. ఇది టైటానియం అనే లోహంతో చేస్తారు. మత్తు సూది ఇచ్చి, దవడ ఎముకలో చిన్న రంధ్రం చేసి దీన్ని బిగిస్తారు.

రెండోది మధ్య ముక్క. ఇది స్క్రూ మీద కూర్చుంటుంది. చిగురు పైకి కొంచెం కనబడుతుంది.

మూడోది పైన పెట్టే పన్ను. దీన్ని క్యాప్ అంటారు, క్రౌన్ అని కూడా అంటారు. మనం నమిలేది దీనితోనే.

స్క్రూ పెట్టిన రోజే పని పూర్తయిందని అనుకోకూడదు. ఎముక ఆ స్క్రూను పట్టుకోవాలి. దానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ తర్వాతే సాధారణంగా పై పన్ను పెడతారు. కొందరికి ముందే పెట్టవచ్చు. అది ఎముక బలాన్ని బట్టి డాక్టరు చెప్పాలి.

ఎవరు కనిపెట్టారు?

పోయిన పన్ను చోట ఇంకొకటి నాటాలనే ఆశ ఇవాళ్టిది కాదు. అమెరికా ఖండంలో హోండురాస్ అనే దేశం ఉంది. అక్కడ 1931లో ఒక పాత దవడ ఎముక దొరికింది. అది సుమారు 1,400 ఏళ్ళ కిందటిది. మాయా జాతి వారిది. దానిలో పళ్ళ చోట ఆల్చిప్ప ముక్కలను చెక్కి పెట్టారు.

ఇప్పటి ఇంప్లాంట్ స్వీడన్ దేశంలో పుట్టింది. బ్రోనెమార్క్ అనే డాక్టరు 1952లో ఎముక ఎలా మానుతుందో తెలుసుకోవాలనుకున్నాడు. కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న గొట్టం పెట్టి చూశాడు. పని అయిపోయాక ఆ గొట్టాన్ని తీయబోతే రాలేదు. ఎముక దాన్ని గట్టిగా పట్టుకుంది. ఒంట్లో పెట్టిన పరాయి వస్తువును శరీరం బయటికి నెట్టేస్తుందని అప్పటిదాకా అనుకునేవారు. టైటానియాన్ని మాత్రం ఎముక తనలో కలుపుకుంది.

1965లో బ్రోనెమార్క్ మొదటిసారి ఒక మనిషికి ఈ ఇంప్లాంట్లు పెట్టాడు. ఆయన పేరు గోస్టా లార్సన్. పుట్టుకతోనే ఆయన దవడ సరిగా లేదు. ఆయన 2006లో చనిపోయాడు. ఆయన ఇంప్లాంట్లు 40 ఏళ్ళు పని చేశాయి.

మరి అందరికీ 40 ఏళ్ళు ఉంటాయా?

ఉండవు. కొందరికి ఉంటాయి, కొందరికి ఉండవు. చాలా దేశాల్లో వేలమంది నోళ్ళను ఏళ్ళ తరబడి పరీక్షించి లెక్కలు కట్టారు. 10 ఏళ్ళ తర్వాత చూస్తే 100 ఇంప్లాంట్లలో 90కి పైగా నోటిలోనే ఉన్నాయి. 20 ఏళ్ళ తర్వాత కూడా ఇంచుమించు ఐదింట నాలుగు నిలిచాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఈ లెక్క ఎముకలో ఉన్న స్క్రూకు. పైన పెట్టిన పన్ను అంతకాలం ఉండకపోవచ్చు. అది నమిలి నమిలి అరుగుతుంది. ఒక్కోసారి పగులుతుంది. మామూలుగా 10 నుంచి 15 ఏళ్ళకు దాన్ని మార్చవలసి రావచ్చు. గుంజ బాగానే ఉన్నా పైన కప్పు మార్చినట్టు. కాబట్టి "జన్మంతా ఉంటుంది" అని ఎవరైనా అంటే, "ఏది ఉంటుంది? స్క్రూనా, పై పన్నా? పై పన్ను పగిలితే మళ్ళీ ఎంత కట్టాలి?" అని అడగాలి.

కొద్దిమందికి మొదటి నెలల్లోనే స్క్రూ ఊడుతుంది. ఎముక దాన్ని పట్టుకోలేదని అర్థం. ఎముక మానాక చాలామందికి మళ్ళీ పెట్టవచ్చు. కానీ మళ్ళీ నొప్పి, మళ్ళీ ఆగడం, కొన్నిసార్లు మళ్ళీ ఖర్చు.

లోహం కదా, కడగకపోతే ఏం?

చాలామంది ఇలాగే అనుకుంటారు. లోహం పుచ్చదు, నిజమే. కానీ స్క్రూ చుట్టూ ఉన్న చిగురు, ఎముక మనవే. అవి లోహం కావు.

సొంత పన్నుకూ ఎముకకూ మధ్య మెత్తటి పొర ఉంటుంది. గట్టి వస్తువు కొరికితే ఆ పొర దెబ్బను ఓర్చుకుంటుంది. నొప్పి కూడా వెంటనే తెలుస్తుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. లోపల నరం లేదు. అందుకే లోపల చెడుతున్నా చాలాసార్లు నొప్పి ఉండదు. మనిషికి తెలిసేసరికి ఎముక కరిగిపోయి ఉంటుంది.

ఇది ఎలా జరుగుతుంది? తిన్నాక పన్ను మొదట్లో పాచి పడుతుంది. పాచిలో కంటికి కనబడని క్రిములు ఉంటాయి. వాటివల్ల చిగురు వాస్తుంది. తోమితే రక్తం వస్తుంది. ఈ దశలో శుభ్రం చేయిస్తే మళ్ళీ బాగవుతుంది. పట్టించుకోకపోతే జబ్బు ఎముకకు దిగుతుంది. కరిగిన ఎముక తిరిగి రావడం కష్టం. ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇలా ఎముక జబ్బు వస్తున్నదని పరిశోధనలు చెబుతున్నాయి. సొంత పళ్ళను చిగుళ్ళ జబ్బుతో పోగొట్టుకున్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అదే జబ్బు కొత్త పన్నుకూ పట్టవచ్చు.

డాక్టరమ్మ ఏమంటుంది?

చిక్కడపల్లి మార్కెట్‌లో కూరగాయలు అమ్మే ఒక అమ్మ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిందనుకుందాం. వాళ్ళ మాటలు ఇలా ఉంటాయి.

"డాక్టరమ్మా, పన్ను పీకిపిచ్చుకొని ఏడాదైంది. బోర్డు మీద ఇంప్లాంటు అని చదివిన. అది ఏస్తే జన్మంత ఉంటదా?"

"జన్మంతా ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేరమ్మా. బాగా చూసుకుంటే చాలా ఏళ్ళు ఉంటుంది. మీకు షుగరు ఉందా?"

"ఉన్నది. గోళీలు ఏసుకుంటున్న. ఒక్కోనాడు యాది మరుస్త."

"రక్తం పరీక్ష ఎప్పుడు చేయించారు?"

"దసరాకు ముందు."

"మరి జర్దా, తంబాకు ఏమన్నా అలవాటుందా?"

"పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి పాన్‌ల ఏసుకుంట."

"అయితే ఇవాళ స్క్రూ వద్దమ్మా. ముందు షుగరు పరీక్ష చేయించండి. షుగరు ఎక్కువున్న ఒంట్లో పుండు తొందరగా మానదు. ఎముక స్క్రూను పట్టుకోదు. జర్దా మానండి. మూడు నెలల తర్వాత రండి. అప్పుడు చూద్దాం."

"చిట్టీ ఎత్తిన పైసలున్నయి డాక్టరమ్మా. ఇప్పుడైతేనే ఉన్నయి. ఎనకకు పోతే ఖర్చయితయి."

"అందుకే చెబుతున్నా. ఆ పైసలు పెట్టి వేసిన స్క్రూ ఊడితే పన్నూ ఉండదు, పైసలూ ఉండవు. అంతవరకు తీసి పెట్టుకునే పన్ను చేసి ఇస్తా. ఖర్చు తక్కువ."

ఈ డాక్టరమ్మ చెప్పింది సరైన మాట. షుగరు ఉన్నవాళ్ళకు ఇంప్లాంట్ పనికిరాదని కాదు. షుగరు అదుపులో ఉంటే పెట్టించుకోవచ్చు. గడిచిన మూడు నెలల్లో షుగరు సగటున ఎంత ఉందో చెప్పే రక్తపరీక్ష ఉంది. ఆ కాగితం డాక్టరుకు చూపాలి. గుండె జబ్బు ఉన్నా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా చెప్పాలి. ఎముకలు గుల్లబారకుండా వేసుకునే గోళీలు, సూదులు కూడా చెప్పాలి. ఏ మందూ దాచకూడదు. మన అంతట మనం ఏ మందూ ఆపకూడదు.

ఇంప్లాంట్‌కు శత్రువులు

మొదటి శత్రువు పొగాకు. బీడీ, సిగరెట్ తాగితే చిగుళ్ళకు రక్తం సరిగా అందదు. గాయం మానదు. పొగ తాగేవాళ్ళలో ఇంప్లాంట్లు ఊడిపోవడం తాగనివాళ్ళకంటే ఇంచుమించు రెట్టింపు. అశోక్‌నగర్ గదుల్లో రాత్రి తెల్లవార్లూ చదువుతూ, చాయ్‌తో పాటు సిగరెట్ అలవాటు చేసుకున్న కుర్రవాళ్ళకు ఈ సంగతి తెలియాలి. బండి మీద నుంచి పడి ముందు పన్ను పోయిన కుర్రవాడు ఇంప్లాంట్ పెట్టించుకుంటే, అది ఇంకా 40, 50 ఏళ్ళు పని చేయాలి కదా! గుట్కా, జర్దా కూడా చిగుళ్ళకు, నోటికి చేటు. వాటివల్ల నోటి క్యాన్సరు కూడా వస్తుంది.

రెండో శత్రువు అదుపు తప్పిన షుగరు.

మూడోది నిద్రలో పళ్ళు కొరకడం. ఈ సంగతి కొరికేవాళ్ళకు తెలియదు. పక్కన పడుకున్నవాళ్ళు చెప్పాలి. డాక్టరు రాత్రి పెట్టుకునే తొడుగు చేసి ఇస్తారు.

నాలుగోది గట్టి వస్తువులను పళ్ళతో పగలగొట్టడం. పళ్ళతో సీసా మూత తీయడం, వక్క కొరకడం, బొక్క పగలగొట్టడం మానాలి. సకినాలు తినొద్దా అంటే తినొచ్చు. చిన్న ముక్కలుగా విరుచుకొని, రెండు పక్కలా నెమ్మదిగా నమలాలి. చెరుకు గడ మాత్రం ఆ పన్నుతో చీల్చకండి.

రోజూ ఏం చేయాలి?

స్క్రూ పెట్టిన మొదటి రోజుల్లో మెత్తటి తిండి తినాలి. జావ, పెరుగన్నం, మెత్తగా ఉడికిన పప్పు మంచివి. మరీ వేడివి వద్దు. గాయాన్ని వేలితో, నాలుకతో కదిలించకూడదు. డాక్టరు చెప్పినట్టు నోరు పుక్కిలించాలి. రాసి ఇచ్చిన గోళీలు పూర్తిగా వేసుకోవాలి.

గాయం మానాక ఈ పనులు రోజూ చేయాలి.

పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి పళ్ళు తోమాలి. మెత్తటి బ్రష్ వాడాలి. రెండు నిమిషాలు తోమాలి. పన్నూ చిగురూ కలిసే చోట బ్రష్ కొంచెం వాలుగా పెట్టి నెమ్మదిగా తిప్పాలి. రుద్ది రుద్ది తోమకూడదు.

బొగ్గు, ఇటుక పొడి, గరుకు పళ్ళపొడి వాడొద్దు. వాటితో గీతలు పడతాయి. గీతల్లో పాచి దాక్కుంటుంది. వేపపుల్లతో తోమే అలవాటు ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. పుల్ల పళ్ళ సందుల్లోకి పోదు. అసలు జబ్బు మొదలయ్యేది సందుల్లోనే.

సందుల కోసం సన్నటి చిన్న బ్రష్‌లు మందుల షాపుల్లో దొరుకుతాయి. సీసా కడిగే బ్రష్‌లాగా ఉంటాయి, కానీ చాలా చిన్నవి. లోపలి తీగ మీద ప్లాస్టిక్ పూత ఉన్నది తీసుకోవాలి. ఏ సైజు సరిపోతుందో డాక్టరును అడగాలి. రోజుకు ఒకసారి సందులో పెట్టి మెల్లగా అటూ ఇటూ జరపాలి. పళ్ళ దారంతో కూడా శుభ్రం చేసుకోవచ్చు. సూదితో, పిన్నుతో గుచ్చకూడదు.

ఆరు నెలలకు ఒకసారి డాక్టరుకు చూపించాలి. నొప్పి లేకపోయినా వెళ్ళాలి. గార పడితే తీస్తారు. ఎముక ఎలా ఉందో తెలియడానికి అవసరమైనప్పుడు ఎక్స్‌రే తీస్తారు. పై పన్ను పెట్టిన రోజు తీసిన ఎక్స్‌రే ఉంటే, దానితో పోల్చి చూస్తారు.

ఈ గుర్తులు కనబడితే ఆగొద్దు

తోముతుంటే ఆ పన్ను దగ్గర రక్తం రావడం. చిగురు ఎర్రబడి వాయడం. నొక్కితే చీము రావడం. నోరు వాసన రావడం. చిగురు కిందికి జారి లోహం కనబడడం. పన్ను కదలడం.

పన్ను కదిలితే అంతా అయిపోయిందని భయపడనక్కరలేదు. ఒక్కోసారి లోపలి చిన్న స్క్రూ వదులవుతుంది. డాక్టరు బిగిస్తే సరిపోతుంది. కానీ కదిలే పన్నుతో నమిలితే ఆ స్క్రూ విరుగుతుంది. క్యాప్ ఊడి చేతికి వస్తే పారేయొద్దు. కాగితంలో చుట్టి తీసుకుపోవాలి. వస్తువులు అతికించే గమ్‌తో ఇంట్లో అతికించుకోవద్దు. అది విషం. పని కూడా చెడుతుంది.

డబ్బు లెక్క

ఒక ఇంప్లాంట్‌కు 30,000 రూపాయలు అయిందనుకుందాం. అది 15 ఏళ్ళు ఉంటే ఏడాదికి 2,000 పడినట్టు. రోజుకు సుమారు ఐదున్నర రూపాయలు. అదే పన్ను మూడేళ్ళకు ఊడితే ఏడాదికి 10,000 పడినట్టు. రోజుకు 27 రూపాయలు. పన్ను ఒకటే. ధర ఒకటే. తేడా తెచ్చేది ఎక్కువగా మన జాగ్రత్తే.

ఇంప్లాంట్ అందరికీ తప్పనిసరి కాదు. వేరే దారులు ఉన్నాయి. తీసి పెట్టుకునే పళ్ళు ఉన్నాయి. పక్క పళ్ళ ఆసరాతో పెట్టే బ్రిడ్జి ఉంది. బ్రిడ్జికి పక్క పళ్ళను అరగదీయాలి. అన్నిటికంటే మంచిది సొంత పన్ను. పుచ్చిన పన్ను నొప్పి పెట్టగానే "పీకెయ్యండి" అనకండి. "ఈ పన్ను బతుకుతుందా?" అని ముందు అడగండి. వేరు చికిత్స చేసి క్యాప్ పెడితే చాలా పళ్ళు నిలుస్తాయి.

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల, ఆసుపత్రి ఉన్నాయి. అవి 1959లో మొదలయ్యాయి. అక్కడ తక్కువ ఖర్చుతో పళ్ళు చూపించుకోవచ్చు. చిక్కడపల్లిలో గానీ నారాయణగూడలో గానీ మెట్రో ఎక్కి ఎం.జి.బి.ఎస్. స్టేషన్‌లో దిగితే అఫ్జల్‌గంజ్ దగ్గరే. ఏ పనికి ఎంత అవుతుందో, ఎన్నిసార్లు రావాలో అక్కడే అడిగి తెలుసుకోవాలి. రోడ్డు పక్కన కూర్చొని పళ్ళు కట్టేవాళ్ళ దగ్గరికి పోవద్దు. పళ్ళ డాక్టరు పేరు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి. నమోదు నంబరు అడిగే హక్కు మనకు ఉంది.

కాగితం దాచుకోండి

ఇంప్లాంట్లు చాలా కంపెనీలు చేస్తాయి. ఒకదాని స్క్రూ ఇంకొకదానికి సరిపోకపోవచ్చు. ఇంప్లాంట్ డబ్బా మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. కంపెనీ పేరు, సైజు, నంబరు దాని మీద ఉంటాయి. ఆ స్టిక్కర్ అడిగి తీసుకోండి. బిల్లు, ఎక్స్‌రే, స్టిక్కర్ ఒకే కవరులో పెట్టండి. పదేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో వేరే డాక్టరుకు చూపించినా అవి పనికొస్తాయి.

సంతకం చేసే ముందు కాగితం చదవండి. మొత్తం ఎంత? అందులో పై పన్ను కలిసిందా? స్క్రూ ఊడితే మళ్ళీ ఉచితంగా పెడతారా? ఇవి రాసి ఉన్నాయా చూడండి. వేలిముద్ర వేసిన రోజుల్లో ఎవరో చదివి చెప్పేవారు. ఇప్పుడు మీరే చదవగలరు. అర్థం కాని మాట ఉంటే అర్థమయ్యేదాకా అడగండి.

గుర్తుంచుకోండి

1. సొంత పన్నును మించిన పన్ను లేదు. ముందు దాన్ని కాపాడుకోవాలి.

2. ఇంప్లాంట్ పుచ్చదు. కానీ దాని చుట్టూ చిగురు, ఎముక చెడతాయి.

3. రోజుకు రెండుసార్లు తోమాలి. సందులు ఒకసారి శుభ్రం చేయాలి.

4. పొగాకు మానాలి. షుగరు అదుపులో ఉంచుకోవాలి.

5. రక్తం కనబడితే నొప్పి కోసం ఎదురు చూడొద్దు.

6. ఆరు నెలలకు ఒకసారి డాక్టరుకు చూపించాలి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో పళ్ళు పోయినవాళ్ళు ఎవరు? ఎందుకు పోయాయి?

2. కూరగాయల అమ్మకు డాక్టరమ్మ వెంటనే స్క్రూ ఎందుకు పెట్టలేదు?

3. ఒక ఇంప్లాంట్‌కు 36,000 రూపాయలు అయింది. అది 12 ఏళ్ళు ఉంది. ఏడాదికి ఎంత పడింది? లెక్క వేయండి.

4. ఈ నెల నుంచి ఆరు నెలలు లెక్కపెట్టండి. ఆ నెల పేరు క్యాలెండర్‌లో వెతకండి. అక్కడ 'పళ్ళు చూపించుకోవాలి' అని రాయండి.